గడ్డి మొలవని మన్ను

ఆ రోజు పొద్దున రాగి సంగటి కెలుకుతున్నాను. తెడ్డు తిప్పుతుండగానే బొడ్డు చుట్టూ తాడేసి బిగించినట్టు నొప్పి వచ్చింది. తెడ్డు వదిలేసి పొయ్యి ముందే కూలబడ్డాను. సంగటి అడుగంటిన వాసనకు మా అత్త లోపలికి వచ్చింది.

"ఏందిమే, సంగటి మాడిపోతాంటే అట్ల కూసోనుండావు?"

కడుపునొప్పి అన్నాను. వాము నమలమంది. నమిలాను. కాసేపటికి నొప్పి తగ్గింది. వామే తగ్గించిందని ఇద్దరం అనుకున్నాం.

ఇది డెబ్భైల చివర్లో మాట. పుంగనూరు ఊరి బయట కొత్తగా ఇల్లు కట్టుకుని అప్పటికి ఏడాది దాటింది. మా ఆయన నారాయణప్ప చింతపండు మండీలో గుమాస్తా. ఇంట్లో ఆయన, అత్త, నేను, అంతే. ఆ ఇంట్లో చేరాకే నాకు ఒక కడుపు మూడో నెలలో పోయింది. మొదటిది నిలవకపోవడం మామూలేనని అందరూ అన్నారు. నేనూ కళ్ళు తుడుచుకుని సరేననుకున్నాను.

నొప్పి మాత్రం వదల్లేదు. వారానికి ఒకసారి వచ్చేది రోజు మార్చి రోజు రాసాగింది. దాంతోపాటే మలబద్ధకం. నోట్లో ఎప్పుడూ రాగి చెంబు నాకినట్టు రుచి. నాలుగు బిందెలు నీళ్ళు తోడితే చాలు, గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చేది. ఊళ్ళో డాక్టరు పొట్ట నొక్కి చూసి "గ్యాసమ్మా" అన్నాడు. ఇంకోసారి పోతే నులిపురుగులన్నాడు. మూడోసారి పోతే రక్తం తక్కువుందని టానిక్ రాసిచ్చాడు. చివరిదొక్కటే నిజం.

ఓర్చుకోలేక కుప్పానికి, మా అమ్మ దగ్గరికి పోయాను. వింతేమిటంటే అక్కడ రెండు వారాలకే నొప్పి తగ్గింది. నెల తిరిగేసరికి కడుపు నిండా తిన్నాను. మళ్ళీ పుంగనూరు వచ్చాను. మళ్ళీ నొప్పి. మళ్ళీ కుప్పం. మళ్ళీ నయం. ఇక చూడండి మా వీధి ఆడవాళ్ళ నోళ్ళకు పండగే పండగ.

"పుట్టింటి గాలి తగిలితే పోయే నొప్పి గదా, దానికి మందు యాడుంటాదిలే" అనేవాళ్ళు బావి దగ్గర.

మా అత్త అయితే ముఖం మీదే అంది. "పని సెయ్యను వొళ్ళొంగకపోతే సెప్పు. నాటకాలు యాల?"

నేనూ ఊరుకునే రకం కాదు. "అవునత్తా, నా నొప్పికి బస్సు రూటు గూడా తెలుసు. కుప్పం బస్సెక్కితే దిగిపోతాది" అన్నాను. పైకి అలా అన్నాను గానీ లోపల కుమిలిపోయాను. అన్నిటికన్నా మా ఆయన ఏమీ అనకపోవడం ఎక్కువ బాధ పెట్టింది. ఆయన నన్ను నమ్మలేదు, అబద్ధమనీ అనలేదు. నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది, నిజంగా మనసులోనే ఉందా ఈ నొప్పి అని.

ఒక రోజు నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే మదనపల్లెలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయారు. "అక్యూట్ అపెండిసైటిస్, వెంటనే ఆపరేషన్" అన్నారు. కోశారు. తరవాత ఆ డాక్టరు మా ఆయనతో, "అపెండిక్స్ పెద్దగా చెడిపోలేదు. అయినా తీసేశాం, ఇక బెంగ లేదు" అన్నాడట. కుట్లు మానేదాకా కుప్పంలో ఉన్నాను. హాయిగా ఉంది. ఆపరేషన్ పనిచేసిందని మా నాయన వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టాడు. పుంగనూరు తిరిగొచ్చిన పక్షానికే నొప్పి వచ్చి కూర్చుంది. ఆ రోజు ఏడ్చినట్టు నేనెప్పుడూ ఏడవలేదు.

రెండోసారి మదనపల్లెలో వేరే ఆసుపత్రికి పోయాం. అక్కడ ఒక లేడీ డాక్టరు. పొట్ట కన్నా ముందు నోరు తెరవమంది. పెదవి పైకెత్తి చిగుళ్ళ మీద టార్చి వేసి చూసింది. పళ్ళ మొదట్లో నీలం నలుపు కలిసిన సన్నటి గీత ఉందట. పళ్ళు సరిగ్గా తోమనని తిడుతుందేమో అనుకున్నాను.

"మీ ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడా? రంగుల పనా? బ్యాటరీల పనా?"

"చింతపండమ్మా" అన్నాడు మా ఆయన తనే.

"నొప్పి ఎక్కడుంటే తక్కువగా ఉంటుంది?" అని నన్నడిగింది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "పుట్టింట్లో" అన్నాను. ఆమె నవ్వలేదు. తల ఊపి, "ఇది చాలా ముఖ్యమైన విషయమమ్మా, ముందే ఎవరికైనా చెప్పావా?" అంది. ఊరంతా ఎగతాళి చేసిన మాటను ఒక డాక్టరు ముఖ్యమనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మా ఆయన వైపు తిరిగి, ఇల్లు కట్టిన స్థలంలో అంతకుముందు ఏముండేదని అడిగింది.

"షెడ్డు ఉండెనమ్మా. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరగబోసేవాళ్ళు. మూతపడినాక సదును చేసి ప్లాట్లు ఏసినారు."

బ్లడ్ స్మియర్ చూసి, "లెడ్ పాయిజనింగ్ అనుకుంటున్నాను, ఒంట్లో సీసం విషం చేరింది" అని వేలూరు పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ రక్తంలో లెడ్ లెవెల్ చూసి వెంటనే అడ్మిట్ చేసుకున్నారు. సీసాన్ని మూత్రంలో బయటికి లాగే ఈడీటీఏ అనే మందు డ్రిప్పులో ఎక్కించారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడడానికి రోజూ యూరిన్ పరీక్ష. నొప్పి తగ్గింది, నోట్లో ఆ పాడు రుచి పోయింది. డిశ్చార్జి రోజు నాకు కావలసిన మాట అడిగాను. పిల్లలు పుడతారా?

"పుడతారు. కానీ ఇప్పుడు వద్దు" అన్నాడు అక్కడి డాక్టరు. "సీసం ఎముకల్లో దాక్కుంటుంది. గర్భం వస్తే బయటికి వచ్చి బిడ్డను చేరుతుంది. ముందు అది నీకు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోండి. మేము తీస్తూ ఉంటే, మీ ఇల్లు మళ్ళీ పోస్తూ ఉంటుంది."

నేను కుప్పంలోనే ఉండిపోయాను. కనుక్కోవలసిన పని మా ఆయన మీద పడింది. మదనపల్లెలో కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన మన్ను పరీక్ష చేస్తానంటే, వాకిట్లోంచి గుప్పెడు మన్ను పొట్లం కట్టి ఇచ్చాడు. సీసం లేదని తేలింది. ప్లాట్లు అమ్మిన రెడ్డెప్ప మా ఇంటి ముందుకొచ్చి, "సెప్పలే? నా భూమి బంగారం. మీ ఇంట్లో తగువుకు నా భూమిని తిట్టద్దండి" అని పోయాడట. మా అత్త ఆ మాట పట్టుకుని కుప్పానికి కబురు చేసింది, ఇక నాటకం చాలించి రమ్మని.

వచ్చాను. చెడ్డ కోపంతో వచ్చాను. వాకిట్లో మన్ను ఎక్కడిదని మా ఆయన్ను నిలదీశాను. వాకిలి అలికి ముగ్గు పెట్టుకోవడానికి చెరువు దగ్గర్నుంచి బండితో తోలిన ఎర్రమన్ను అది! మా భూమిది కానేకాదు. ఆయన తల పట్టుకుని, మర్నాడే మదనపల్లె పోయి ఆ సారును వెంటబెట్టుకొచ్చాడు.

సారు ప్లాట్లన్నీ తిరిగాడు. సీసం కరిగించిన పాత కొలిమి ఎక్కడుండేది, నీళ్ళు ఎటు పారేవి, బ్యాటరీలు ఎక్కడ పగలగొట్టేవాళ్ళు అని అందరినీ అడిగాడు. ఒక్కో చోట పైమన్ను వేరుగా, గుంత తవ్వి అడుగు మన్ను వేరుగా డబ్బాల్లో పోసుకున్నాడు. బావినీళ్ళు సీసాలో పట్టుకున్నాడు. ఎండన పడి తిరిగాడు కదా అని లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఆయన తాగబోతూ ఆగాడు. మజ్జిగ మీద బూడిదరంగు నలుసులు తేలుతున్నాయి. మాకు అది మామూలే, వేలితో తీసేసి తాగేవాళ్ళం. ఆయన మెల్లగా తల ఎత్తి మిద్దె వైపు చూశాడు.

"ఈ మిద్దె మీద మన్ను ఎక్కడిది?"

మా అత్త మురిసిపోతూ చెప్పింది. "మా దొడ్లోదే సారూ! మంచి చవుడు. అందురూ బండ్లు కట్టి యాడాడినుంచో తోలుకుంటారు, మాకు ఇంటెనకే దొరికినాది. సూడు, ఒక్క గడ్డిపోచన్నా మొలిసిందేమో!"

మా వైపు మట్టి మిద్దెల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. దూలాల మీద కొయ్యలు, కొయ్యల మీద మన్ను, అన్నిటికీ పైన చవుడు పరుస్తారు. గడ్డి మొలవని మన్నయితేనే దానికి పనికొస్తుంది, వాన నీరు దిగదు, వేర్లు చీల్చవు. మా దొడ్లో పాత కొలిమి ఉన్న చోట నున్నటి బూడిద మన్ను, దాని మీద గడ్డి మొలవదు. మా పెద్దవాళ్ళు నేర్పిన గుర్తు ప్రకారం అంతకన్నా మంచి చవుడు లేదు. జల్లెడ పట్టింది నేను. ఎత్తి పోసింది అత్త. ఏటేటా వానలకు ముందు ఇంకో పొర వేశాం. మిగిలిన దాంతో నేను గిన్నెలు తోమేదాన్ని, తళతళ మెరిసేవి.

సారు మిద్దె మన్ను వేరే డబ్బాలో వేసుకుపోయాడు. వారం తరవాత గాజు గొట్టాలు పట్టుకుని తనే వచ్చాడు. అన్నిట్లో ఒకటే మందు పోశాడు, సీసం ఉంటే పసుపుపచ్చగా మారుతుందన్నాడు. వాకిలి మన్నుది తేటగా ఉంది. దూరపు ప్లాట్లవీ తేటగానే ఉన్నాయి. కొలిమి దగ్గరది, షెడ్డు నీళ్ళు పారిన పాత కాలవది పసుపుపచ్చగా విరిగాయి. మా మిద్దెది పసుపు ముద్దలా గడ్డకట్టింది.

ప్లాట్లు కొన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు. కొందరు అప్పటికే పునాదులు తీశారు. ఒకాయన నా మీదికే వచ్చాడు. "నీ కడుపునొప్పి మా కొంపలు ముంచినాది గదమ్మా!"

నేను నోరు తెరిచేలోగా మా అత్త ముందుకొచ్చింది.

"దాని కడుపునొప్పి గాదప్పా. దాని కడుపులో పోయినాది నా బిడ్డ బిడ్డ. ఆ మన్ను ఈ చేతుల్తో నేనే యెత్తి పోస్తి. అది నొప్పి నొప్పి అని మొత్తుకుంటే నాటకమంటి. నీ ఇంట్లో అట్ల జరగాలనా నువ్వు అరస్తాండావు?"

ఆమె చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను వెనకే పోయి పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఆ తరవాత అందరూ సారు చెప్పినట్టే విన్నారు. పాత కాలవ గట్టు దగ్గర సారు ఒక గీత గీశాడు. గీతకు ఇవతల పైమన్ను మార్చి ఇళ్ళు కట్టుకోవచ్చు. అవతల ఇల్లు కాదు గదా, కూరాకు మడి కూడా వద్దు. మా ఇల్లు ఇవతల, దొడ్డి అవతల పడ్డాయి. బావినీళ్ళు ఇప్పటికి మంచివే, ఏటా పరీక్ష చేయించాలి. అవతలి వాళ్ళకు రెడ్డెప్ప వేరే చోట ప్లాట్లు ఇచ్చాడు, సణుక్కుంటూనే ఇచ్చాడు. మా మిద్దెను నీళ్ళతో తడిపి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని విప్పారు. ఆ మన్నంతా గీత అవతలే గుంతలో పోసి, పైన బంకమన్ను మెత్తి, సిమెంటు పరిచారు. అంతవరకు నన్ను కుప్పం పంపేసి, ఊళ్ళోకే రానివ్వలేదు మా అత్త. ఆమెకు, మా ఆయనకు రక్తం చూపిస్తే వాళ్ళకూ కొంత సీసం ఉంది. ఆ ఇంట్లో చేరినప్పటినుంచి ఆయన గుట్టుగా మలబద్ధకానికి త్రిఫల చూర్ణం మింగుతున్నది అందుకేనట! ఆ సంగతి అప్పుడు బయటపడింది మహానుభావుడిది.

మధ్యలో ఆ ఇంటికి వచ్చి ఉన్నందుకు నా లెవెల్ మళ్ళీ పెరిగింది. ఇంకో కోర్సు ఈడీటీఏ పడింది. రెండేళ్ళు ఆగమన్నారు, ఆగాం. డాక్టరు సరేనన్నాకే కడుపు నిలిచింది. కుప్పంలో ఆడపిల్ల పుట్టింది. దాని రక్తం కూడా పరీక్ష చేశారు. రిపోర్టు వచ్చేదాకా మా అత్త అన్నం ముట్టలేదు. బాగుందన్నారు. ఇప్పుడది బడికి పోతోంది, లెక్కల్లో నన్ను మించింది, నోటి దురుసులో వాళ్ళ అవ్వను మించింది. నాకు ఏటా ఒకసారి రక్తపరీక్ష ఉంటుంది. ఎప్పుడైనా కడుపులో చిన్నగా పట్టేస్తే ఈ రోజుకీ భయమేస్తుంది. ఇంటిపైన ఇప్పుడు సిమెంటు స్లాబు.

చదివేవాళ్ళకు చెప్పదలచినది ఒక్కటే. డాక్టరు దగ్గర ఎక్కడ నొప్పో చెప్పి ఊరుకోకండి. మీరు ఏ నేల మీద కాపురముంటున్నారో, ఆ నేల మీద మీకన్నా ముందు ఏ పని జరిగేదో కూడా చెప్పండి. తెలియకపోతే కనుక్కుని చెప్పండి. ఇల్లు కట్టేముందు మేము దిక్కులు చూశాం, బావి చోటు చూశాం, మంచి రోజు చూశాం. షెడ్డు సంగతి తెలిసీ, ఆ మన్ను మంచిదా కాదా అని మాత్రం ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరు పిల్లలుండేవాళ్ళు.