మూడు గుడ్లకు వేసిన రంగు

మా చిన్నప్పుడు... ఒంటిపూట బడులు మొదలైన వారం, ఐదో తరగతిలో మా టీచర్ అందరినీ పిట్టగూడు చేసుకుని రమ్మంది. ఈస్టర్ దగ్గర్లో ఉంది. ఎండుగడ్డితో గూడు, అందులో రంగు వేసిన గుడ్డు. పసుపు, బీట్‌రూట్, ఉల్లిపొట్టు, టీ డికాషన్... దేనితో ఏ రంగు వస్తుందో బోర్డు మీద రాసింది.

మాది శామీర్‌పేట దగ్గర పల్లె. అమ్మ కోళ్లఫారంలో గుడ్లు ఏరే పనికి పోయేది, కాబట్టి ఇంట్లో తెల్ల గుడ్లకు కొదవ లేదు. కానీ నాకు తెల్లది వద్దు. నిజమైన గూడులా కనపడాలంటే లేత గోధుమరంగు నాటుకోడి గుడ్డే కావాలి.

అవి ఒక్కచోటే ఉన్నాయి... మా అవ్వ పెట్టను పొదుగేసిన గంపలో.

ఆ గుడ్లు పక్కింటి చాంద్‌బీవి... ఆమెను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. పొదిగే పెట్ట మాది, గుడ్లు ఆమెవి, పిల్లలు చెరిసగం. మా దిక్కు పాలుకు పెంచడం అంటే అదే. మొత్తం పదకొండు. వేరే కోళ్లు వచ్చి గంపలో పెడితే తెలియాలని అవ్వ ఒక్కో గుడ్డు మీద బొగ్గుతో గీత గీసింది.

అవ్వ బోరింగు దగ్గరికి పోయినప్పుడు పెట్ట కింద చెయ్యి పెట్టాను. అది పొడిచింది. చెయ్యి గుంజుకున్న ఊపుకు గంప ఒరిగింది... మూడు గుడ్లు నేల మీద చితికాయి.

నేను ఏడవలేదు. అది తల్చుకుంటేనే ఇప్పటికీ సిగ్గు. ఏడ్చి ఉంటే అక్కడికి అయిపోయేది.

నేల మీద బూడిద పోసి ఊడ్చేశాను. పెంకులు గోడ వెనక పూడ్చాను. అమ్మ తెచ్చిన గుడ్లలో చిన్నవి నాలుగు ఏరాను... కొత్తగా గుడ్లకొచ్చిన కోళ్లవి చిన్నగా ఉంటాయని అమ్మే చెప్పింది. ఉడకబెడితే తర్వాత పగలగొట్టినప్పుడు తెలిసిపోతుంది. అందుకే పచ్చి గుడ్లనే చల్లారిన డికాషన్‌లో నానబెట్టాను. మొదట మరీ ముదురు రంగు వచ్చింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ ముంచాను. ఒకటి బడికి, మూడు గంపకు.

చివరికి బొగ్గు తీసుకుని గీతలు గీశాను. అవ్వకు అక్షరాలు రావు. ఆమె గీత మొదట్లో లావుగా ఉండి చివర ఎడమకు వంగేది. అచ్చం అట్లనే గీశాను... చదువుకుంటున్న పిల్లను కదా.

ఫారం గుడ్డు ఎన్ని రోజులు పొదిగినా పిల్ల కాదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

మరుసటి రోజు నా గూడు బల్ల మీద అన్నింటికంటే ముందు పెట్టారు. "అచ్చం నాటుగుడ్డే, ఎట్ల చేసినవ్?" అంది టీచర్. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పొదుగేసిన ఇరవై ఒక్క రోజులకు ఎనిమిది పిల్లలు వచ్చాయి. అవ్వ ఇంకో రెండు రోజులు చూసింది. మిగిలిన మూడింట్లో ఒకటి పగలగొడితే లోపల పల్చటి నీళ్ల లాంటి సొన... పిల్ల కట్టిన ఆనవాలే లేదు.

అవ్వ బోరింగు దగ్గర పదిమందిలో అనేసింది. "జాతి పుంజు గుడ్లని ఇచ్చింది చాంద్‌బీ. మూడు ఒట్టియే. పాతయి అంటగట్టింది."

సాయంత్రానికి ఖాలా మా వాకిట్లోకి వచ్చింది. "అక్కా, నా చేతితోని ఏరి ఇచ్చిన. వారం లోపలియే అన్నీ."

"మరి పిల్ల ఏదే? నేనేమన్న తిన్ననా?"

"నా పాలు పిల్లలు గూడ నువ్వే ఉంచుకో. నాకొద్దు," అని ఖాలా వెళ్లిపోయింది.

నేను గడపలో పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజం చెప్పనిది అవ్వ కొడుతుందని కాదు... ఆమె నన్ను ఎన్నడూ కొట్టలేదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి పిల్లని నేనే. "మా పిల్ల సదువుకుంటాంది, అబద్ధం ఆడది," అని అందరికీ చెప్పుకునేది. ఆ మాట పోతుందని నోరు మూసుకున్నాను.

ఆ ఏడు రంజాన్‌కు ఖాలా ఇంటి నుంచి సేమ్యా గిన్నె రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. ఇద్దరూ ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు తిరిగేవాళ్లు.

ఇప్పుడు నేను పేట్ బషీరాబాద్‌లో ఒక స్కూల్లో టీచర్‌ని. పోయిన వారం మా పిల్లలు గుడ్లకు రంగులు వేస్తుంటే నేను బయటికి వచ్చేశాను. ఆదివారం నాగారం పోయాను. ఖాలా అక్కడ కూతురి దగ్గర ఉంటోంది.

అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"గీతలు గూడ నువ్వే గీసినవా?"

"నేనే, ఖాలా."

ఆమె దుపట్టా అంచు మడిచింది. "మీ అవ్వకు చెప్పినవా?"

అవ్వ పోయి మూడేళ్లు. లేదన్నట్టు తల ఊపాను.

"నా గుడ్లు మంచియని నాకు ఎరుకనే బేటా. నాకు చెప్తే ఏం ఫాయిదా? ఆమెకు చెప్పాలె గదా... పోయేదాంక నేను మోసం జేసిననే అనుకుంది."

చాయ్ తాగమని అడగలేదు. నేనూ అడుగుతుందని కూర్చోలేదు.

ఈ రోజుల్లో గుడ్ల రంగులు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మా ఊళ్లో పక్కింటి గుడ్లను తమ పెట్ట కింద పెట్టేవాళ్లు కూడా లేరు... నమ్మి ఇవ్వడమూ లేదు, మాట పడి అలగడమూ లేదు.

మీరూ చిన్నప్పుడు ఇట్లా ఏదైనా దాచి ఉంటే కింద రాయండి. కానీ ఎవరికి చెప్పాలో వాళ్లు ఇంకా ఉంటే... ఇక్కడ రాసే ముందు వాళ్ల దగ్గరికి పోండి.