వీధి దాటని కేక

పని బాగా తెలిసిన మనిషి, పదకొండేళ్ళ పాటు చేతకానివాడని అనిపించుకుని ఒక్కనాడూ నోరు విప్పకుండా ఎలా ఉండగలిగాడు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

ఆ అచ్చాఫీసులో ఆయన్ని తీగలాయన అనేవారు. వీధికి ఇటుపక్క పాత మేడలో పుస్తకాల పేజీలు తయారవుతాయి, అటుపక్క కొత్త మేడలో అచ్చవుతాయి. రెండు మేడల కంప్యూటర్లకూ తీగలు లాగింది ఆయనే. కానీ ఇటువాటికి అటువి కనిపించవు. ఎవరడిగినా ఆయన చెప్పేది ఒకటే. కంప్యూటర్లు ఒకదాన్నొకటి కేకేసి వెతుక్కుంటాయి. రెండు మేడలవీ రెండు వేరు నెట్‌వర్కులు. మధ్యనున్న రౌటరు కేకల్ని దాటనివ్వదు. అంతే.

అందుకని పేజీలన్నీ పెన్‌డ్రైవులో వేసి, గుడ్డసంచిలో పెట్టుకుని పిన్ని మోసేది. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే. వెనకా ముందూ ఎవరూ లేరు. రోజుకు ఇరవైసార్లు వీధి దాటేది, దాటిన ప్రతిసారీ అవతలి కబుర్లు ఇవతలికీ, ఇవతలివి అవతలికీ చేరవేసేది.

"తీగ లాగితే డొంకంతా కదలాలి. ఈయన లాగితే తీగే ఊడి చేతికొస్తుంది," అని మేనేజరు నలుగురిలోనూ అనేవాడు. తీగలాయన కూడా నవ్వేవాడు.

ఆయన కింద పనిలో చేరిన ఇంజనీరు అమ్మాయికి ఆ నవ్వు చూస్తే తల కొట్టేసినట్టుండేది. తీగ రెండు చివర్లా పేరు రాయడం, ఏదైనా మార్చేముందు పాతది అచ్చు తీసి ఉంచుకోవడం ఆవిడకు ఆయనే నేర్పాడు. ఆయనకో చాదస్తం ఉండేది. రౌటరులో రాసే ప్రతి ఆదేశం పక్కనా ఏదో ఒక మాట రాసిపెట్టేవాడు. 'ఇది ముట్టుకున్నవాడు నిద్రపోడు' అని ఒకచోట, 'ఇదెందుకు రాశానో నాకే గుర్తులేదు' అని ఇంకోచోట. చేరిన కొత్తలో ఆవిడ అవన్నీ చదివి నవ్వుకుంది. తర్వాత చదవడం మానేసింది.

ఆయన కంటి పరీక్షకు వెళ్ళిన పూట, మేనేజరు ఆవిణ్ణి పిలిచి, రెండు మేడల్నీ కలపడం నీ వల్లయినా అవుతుందా అన్నాడు. ఆవిడకు పట్టుదల వచ్చింది. కేక దాటదన్న మాట నిజమే. కానీ అందరి పేర్లూ చిరునామాలూ ఒకచోట పట్టికగా పెట్టి, ప్రతి కంప్యూటరూ దాన్నే అడిగేలా చేస్తే కేకలతో పనేముంది? గంటలో పట్టిక సిద్ధమైంది. అయినా ఏమీ కనిపించలేదు. రౌటరు తెరిచి చూస్తే, ఇటు నుంచి అటు ఏదీ పోకూడదని ఒక ఆదేశం ఉంది. అలవాటుగా పాతది అచ్చు తీసింది, ఆ వరుస చెరిపేసింది.

అటు మేడలోని ముప్ఫై నాలుగు పేర్లూ తెర మీదకు వచ్చాయి. ఆవిడ నిర్ఘాంతపోయింది. ఇంతేనా? దీనికా పదకొండేళ్ళు? మేనేజరు అక్కడే నిలబడి ఒక పేజీ పంపించి, అటు అచ్చయిందని ఫోనులో విని, ఆవిడ భుజం తట్టి వెళ్ళాడు.

అచ్చు తీసిన కాగితం ఫైలులో పెట్టబోతూ ఆవిడ అప్పుడు చదివింది, చెరిపేసిన వరుస పక్కన ఉన్న మాట.

'పిన్ని ఉద్యోగం దీని మీద ఉంది. ఆవిడ తనంతట తాను మానేదాకా తీయొద్దు.'

కింద పదకొండేళ్ళ కిందటి తేదీ. ఆవిడ కాగితం పట్టుకుని లేచింది. పరుగున మేనేజరు గదికి వెళ్ళేసరికి పిన్ని బయటికి వస్తోంది. చేతిలో సంచి లేదు.

"రేపట్నించి రావక్కర్లేదట తల్లీ," అంది పిన్ని, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

తీగలాయన మధ్యాహ్నం వచ్చాడు. ఆవిడ కాగితం చేతికిచ్చింది. ఆయన చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పక్కన రాసింది చూళ్ళేదండీ. ఆ వరుస మళ్ళీ పెట్టేస్తాను, చెడిపోయిందని చెబుతాను," అందావిడ.

"చూసినవాళ్ళ కళ్ళకి గంతలు కట్టగలమా?"

"వాళ్ళు అన్నేసి మాటలంటుంటే ఎందుకు పడ్డారండీ?"

"పడితే ఏం, ఒళ్ళు అరిగిందా?" అని ఆయన మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

లోపల జరిగింది మేనేజరే సాయంత్రం ఆశ్చర్యం పట్టలేక చెప్పాడు. రెండు మేడలూ కలిశాక తీగల పనికి ఒక్క మనిషి చాలు, ఆ అమ్మాయి ఉంది, నన్ను తీసేసి పిన్నిని కాగితాల గదిలో కూర్చోబెట్టండి అన్నాడట తీగలాయన. మేనేజరు సరేనన్నాడట.

ఆవిడ పరుగున తన గదికి వచ్చింది. రోజూ పోతూ పోతూ "వస్తానమ్మా" అనేవాడు. ఇప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. తీగల చివర క్లిప్పులు బిగించే ఆయన పనిముట్టు ఆవిడ బల్ల మీద ఉంది, పిడికి ఆయన చుట్టుకున్న పాత టేపుతో సహా.

కిటికీ తెరిచి కేకేసింది. కింద ఆయన, ఒక లారీ పోయేదాకా ఆగి, తల తిప్పకుండా వీధి దాటాడు.