కంబం సాలొమోను

మా చర్చి సంఘంలో సాలొమోనును అందరూ కంబం సాలొమోను అంటారు. ఆ పేరు పెట్టింది నేను. ముప్పై ఏళ్ళుగా ఆయన దానికి పలుకుతున్నాడు. అది అబద్ధం మీద పుట్టిన పేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చెబితే ఎవరూ నమ్మలేదు. నేను చెప్పనే లేదు.

సాలొమోను బళ్ళారిలో జీన్స్ కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టరు. డెబ్బై పొరల గుడ్డను బల్ల మీద పరిచి, కరెంటు కత్తితో గీత తప్పకుండా కోసేవాడు. షెడ్డు యజమాని వీరేశ్ కొత్తగా చేరిన వాళ్ళకు ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించేవాడు, అంచులు ఎట్లా కలిశాయో చూడమని. కోతపండుగ నాడు చర్చి ముందు వేలం వేసేది కూడా సాలొమోనే. రైతులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయను ఎత్తి పట్టుకుని, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేలోపల, ఇంట్లో నాలుగు గుమ్మడికాయలున్నవాడు కూడా ఐదోది పాడుకునేవాడు. మందు ముట్టని మనిషి. టీ కూడా అరగ్లాసే.

తొంభై నాలుగు మే నెలలో మా చెల్లెలు లోయిస్ పెళ్ళి. చర్చి పైకప్పు విప్పి ఉన్నందువల్ల ఆవరణలో పందిరి వేశాం. ఉంగరాలు మార్చుకోవడం అయ్యిందో లేదో గాలివాన వచ్చింది. నడిమి కంబం గుంటలోంచి లేచింది. పందిరి గుడ్డ జనం నెత్తిన పడింది. దాని కింద చీకట్లో ఎవరికీ ఏమీ కనబడలేదు, పాకుతూ బయటపడ్డారు. కంబం పూర్తిగా పడి ఉంటే ముందు వరుసలోని ముసలివాళ్ళ తలలు పగిలేవి. సాలొమోను దాన్ని భుజాన మోస్తూ నిలబడ్డాడు. అందరూ బయటపడ్డాక కంబం జారి ఆయన భుజం విరిగింది. పెళ్ళికూతురి అన్ననైన నేను అప్పుడు భోజనాల బల్ల కింద ఉన్నాను.

గుడ్డ లాగేసరికి సాలొమోను కంబాన్ని పట్టుకుని నేల మీద ఉన్నాడు. ఏమైందని అందరూ అడిగారు. నేను బల్ల కింద నుంచి ఎప్పుడు లేచానో ఎవరూ గమనించకముందే ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"ఏముండాదప్పా? సండూరు లారీ డ్రైవర్లతో రెండు గ్లాసులు దించినాడు. నిలబడేకి కాక కంబాన్ని కావలించుకుంటే కంబమే తూలిపాయ!"

అందరూ భయంలో ఉన్నారు, నవ్వడానికి ఒక సాకు కావాలి. పగలబడి నవ్వారు. ఆ తరువాత ఆ కథను నేను చల్లారనివ్వలేదు. గాలికి బిరియానీ డేగిసా యాభై కిలోమీటర్ల అవతలి సిరుగుప్ప దాకా ఎగిరిపోయిందనీ, పాస్టరుగారిని చంకన పెట్టుకుని నేనే బయటికి తెచ్చాననీ చేర్చాను. ఏడాదికొక ముక్క పెరిగింది.

సాలొమోను భుజం సరిగా అతకలేదు. కత్తి పట్టలేక, ఆడవాళ్ళ వరుసలో కూర్చుని కుట్టిన ప్యాంట్లకు దారాలు తుంచే పనిలో పడ్డాడు. ఆ ఏడు వేలంలో ఎవరో "కంబం తెచ్చేదా అప్పా, పట్టుకుంటావా?" అని అరిచారు. సాలొమోను చేతిలోని కోడిని కింద దించి వెళ్ళిపోయాడు. మళ్ళీ వేలం వేయలేదు. రెండు వేల ఒకటిలో సంఘపెద్దల ఎన్నికకు ఆయన పేరు వచ్చింది. "ఆ కంబం సంగతి ఏందప్పా మరి?" అన్నారెవరో. ఆ గదిలో అందరికంటే ముందు నవ్వింది నేను. ఆ పేరు కొట్టేశారు.

పెళ్ళి వీడియో తీసిన నారప రెండు కాసెట్లు ఇచ్చాడు. "ఒకదాంట్లో ఖాలీ గాలి, వాన ఉండాదన్నా. గాలికి నేను ఉరికితి, కెమెరా వరండాలో స్టాండు మీద నడుస్తానే ఉండె" అన్నాడు. దాన్ని ఒంటరిగా ఒకసారి చూసి ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. కాల్చేయాల్సింది. ఎందుకు కాల్చలేదో ఇప్పటికీ తెలియదు.

పోయినేడు మా అబ్బాయి జాబెజ్ ఆ ట్రంకులోని కాసెట్లన్నీ షాపులో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అడుగునున్న ఆ కాసెట్టూ వాటితో వెళ్ళిందని నాకు తట్టలేదు. తను ఆడుకునే గేమ్ కన్సోలు హాల్లో టీవీ కింద ఉంటుంది. మేడ మీది గదిలో కంప్యూటరు నడుస్తూ ఉంటే చాలు, అందులోని ఫోటోలూ వీడియోలూ వైఫై మీద కన్సోలుకు వచ్చి టీవీలో కనబడతాయి. పేర్లుండవు, అన్నీ అంకెలే. జాబెజ్ నాకు నేర్పాడు. రెండు చేతులతో పట్టుకునే ఆ కంట్రోలరు పట్టుకుంటే నాకు లారీ నడుపుతున్నంత గర్వంగా ఉండేది.

లోయిస్ పెళ్ళయి ముప్పై ఏళ్ళయిన సందర్భంగా మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. ప్రార్థన, ఉప్మా అయ్యాక పెళ్ళి వీడియో పెట్టాను. సాలొమోను, ఆయన భార్య జ్ఞానకుమారి ముందు సోఫాలో కూర్చున్నారు. ఉంగరాల దాకా వచ్చి ఆ ఫైలు అయిపోయింది. నేను లేవబోయాను. కన్సోలు ఎవరూ అడగకుండానే తరువాతి ఫైలు మొదలుపెట్టింది.

గాలి. వరండా వైపు పైకెగిరిన గుడ్డ, దాని కింద లోపలంతా కనబడుతోంది. నాకు అర్థమై చేతికందిన బటన్ నొక్కాను. వీడియో పూర్తిగా పోవాల్సింది. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. టీవీ నిండా ఎడమవైపు సాలొమోను భుజాన కంబం. కుడివైపు బల్ల కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన నా వెనక భాగం, గళ్ళ సూటులో.

ఇంకో బటన్ నొక్కాను. బొమ్మ ఇంకా పెద్దదయింది.

"అన్నా, ఆ సూటు నీదే కదా?" అంది లోయిస్.

"నాయనా, అది ఇట్లియ్యి" అని జాబెజ్ చెయ్యి చాచాడు.

"తియ్యొద్దప్పా, ఉండనీ" అన్నాడు సాలొమోను. లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. "నేనెట్ల నిలబడింటినో నేనే సూడలేదు. ముందుకు పోనియ్యి."

జాబెజ్ పోనిచ్చాడు. కంబం జారి పడేదాకా అందరూ చూశారు. చివరికి బల్ల కింద నుంచి లేచి, సూటు దులుపుకుని, నవ్వుతూ నడిచొచ్చిన నన్ను కూడా చూశారు.

జ్ఞానకుమారి నా వైపు తిరిగింది. "ముప్పై ఏండ్లు నా మొగుణ్ణి తాగుబోతంటిరి. నా బిడ్డ బడి నుంచి ఏడుస్తా వచ్చేది, తెలుసునా? ఇంత నవ్వేది ఏముండెప్పా నీకు?"

"తప్పయింది సాలొమోనప్పా" అన్నాను.

"ఈడ నాకు చెప్తే ఏమొస్తాది? నవ్వినోళ్ళకి చెప్పు" అన్నాడు.

ఆదివారం ఆరాధన చివర, ప్రకటనల సమయంలో లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క ముక్క చేర్చలేదు. బల్ల కింద దూరానన్నప్పుడు వెనక వరుసలో నవ్వు మొదలైంది. ముందుకు పాకింది. "తాతా, ఈసారి కథ శానా బాగుండాది!" అని ఎవరో అరిచారు. సాలొమోను చేతులు కట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాట ఆయనకు ఇంకోసారి చేటు చేసింది.

మరుసటి ఆదివారం చర్చికి టీవీ తీసుకెళ్ళాను. కన్సోలు ఒక్కటే తెస్తే సరిపోదట. ఫైళ్ళు ఉండేది కంప్యూటర్లో, రెంటినీ కలిపేది వైఫై పెట్టె. అన్నీ ఆటోలో వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. ఇంత సామాను ఎందుకు, ఫోన్లో చూపిస్తే పోదా అన్నాడు జాబెజ్. ఫోన్లో నేను చిన్నగా కనబడతాను, వద్దన్నాను.

ఆరాధన అయ్యాక ఎవరినీ పోనివ్వలేదు. బటన్ నేనే నొక్కాను. ఈసారి సరైన చోట, కావాలనే ఆపాను. నూట యాభై మంది చూశారు. నవ్వు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ముందు వరుసలో ఒక ముసలామె, ఆ రోజు ఆ కంబం కింద కూర్చున్న మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాస్టరుగారు సాలొమోను చెయ్యి పట్టుకుని, వచ్చే నెల పెద్దల ఎన్నికలో మీ పేరు పెడతాం, కాదనకండి అన్నారు.

"ఇప్పుడా సార్?" అన్నాడు సాలొమోను. "డెబ్బై మూడొచ్చె. సభలో లేచి మాట్లాడేకి ఊపిరి సాలదు. నాకు అప్పుడు కావల్సుండె."

కోపంగా అనలేదు. దారాలు తుంచేటప్పుడు ఎట్లా మాట్లాడతాడో అట్లాగే అన్నాడు. జ్ఞానకుమారి ఆయన మంచి భుజం వైపు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు. దారిలో జనం పక్కకు జరిగారు, ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు.

నేను టీవీ వెనక కూర్చుని వైర్లు చుట్టాను. చుట్టడం అయిపోయాక కూడా లేవలేదు.