ముఖం కప్పిన గంపతో ఐరాల దాకా

తిరుపతి బస్టాండులో నేను ఐరాల బస్సు ఎక్కేటప్పటికి ఉదయం ఏడున్నర కావస్తోంది. పగటి పూట కర్ఫ్యూ ఎత్తేసిన కొత్త రోజులవి. మెట్ల పక్కన ఇనుప కడ్డీకి ఒక అట్టముక్క వేలాడగట్టారు. ముక్కూ నోరూ మూసుకోనివాళ్ళను ఎక్కించుకోరని దాని సారాంశం. లోపల ప్రతి రెండు సీట్లలో ఒకదాని మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు కొట్టారు. అందులో మనిషి కూర్చోకూడదు. నిండిన బస్సయినా సగం ఖాళీగా కనిపించేది. ఎక్కినవాళ్ళందరికీ కళ్ళే తప్ప ముఖాలు లేవు.

నేను దర్జీని. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. కొట్టు కట్టేసి సాయంత్రాలు అక్కడ గడపడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. మన జిల్లా జాతరల మీద ఉన్న పుస్తకాలన్నీ వరసపెట్టి చదివాను. అందులో ఒక ఆచారం నన్ను వదల్లేదు. కొన్ని పల్లెల్లో గంగమ్మ తలను కుమ్మరి పచ్చిమట్టితో చేస్తాడు. చేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడకుండా ముఖం మీద పసుపు గుడ్డ కట్టి ఊరికి తెస్తారు. ఊళ్ళో కళ్ళు దిద్ది, అద్దం చూపించాకే గుడ్డ తీస్తారు. అంతవరకూ ఆ ముఖం ఎవరి కంటా పడకూడదు.

మా బావమరిది చెంగల్రాయుడిది ఐరాల అవతల పల్లె. కిందటేడు జాతర ఆపేశారు. ఆషాఢం అటూ ఇటూగా వచ్చే ఈ ఆడి నెలలో మేళాలు లేకుండా, పదిమందితో అయినా చేసి తీరాలని పెద్దలు అనుకున్నారట. "పుస్తకాల్లో సదివింది సాల్లే బావా, వొచ్చి కళ్ళతో సూడు" అని ఫోన్ చేశాడు. ఆ మాట పట్టుకుని బయలుదేరాను. మా ఆవిడ నిమ్మకాయ చిత్రాన్నం కట్టి ఇచ్చింది. నేను కుట్టిన గుడ్డ మాస్కులు ఓ పది సంచిలో వేసుకున్నాను, పల్లెలో పంచుదామని.

బస్సు కదిలే ముందు ఒక నడివయసు ఆమె నెత్తిన వెదురు గంపతో ఎక్కింది. గంప పైన పసుపు గుడ్డ బిగించి కట్టి ఉంది, చుట్టూ వేపమండలు దోపి ఉన్నాయి. చదివింది చదివినట్టు ఎదురొచ్చింది. కండక్టరు గంపకేసి చూసి, "దీనికి గూడా మాస్కు కట్టినావే. నీ మాదిరి అందరూ ఉంటే నాకు నోరు నొప్పి తప్పుతాదిమ్మా" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

నా ముందు వరసలో నడవా పక్క సీట్లో కూర్చుని గంపను ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పక్కన కిటికీ సీటు మీద ఎర్ర గీతలు. బరువు మోయలేకపోతోందని గమనించి, మనిషి కూర్చోకూడదు గానీ గంప పెట్టుకోవచ్చు గదా అన్నాను.

"వొద్దన్నా. ఆ సీటు అట్లే ఉండనీ" అంది.

రూలుకు భయపడుతోంది అనుకున్నాను.

చంద్రగిరి దాటేదాకా మాట్లాడలేదు. నేను వెళ్ళేదీ ఆ పల్లెకేనని తెలిశాక నోరు విప్పింది. పేరు మునెమ్మ. మొగుడు మునిరత్నం కుమ్మరి. ఆ పల్లెకు తల చేసిచ్చేది తాతల కాలం నుంచీ వాళ్ళ ఇంటివాళ్ళే. ఈసారి తల చేసి, బీటలివ్వకుండా తడిగుడ్డ కప్పి నీడన పెట్టిన మర్నాడే అతనికి జ్వరం పట్టుకుంది. తిరుపతిలో పడక దొరక్క ఇప్పుడు చిత్తూరు ఆసుపత్రిలో ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. లోపలికి ఎవరినీ రానివ్వరు. ఆమె మరిది గేటు బయట కాచుకుని ఉన్నాడు. ఏటా ఆటోలో తెచ్చేవాళ్ళు. ఈ ఏడు జ్వరం ఇంటి మట్టి అని ఏ ఆటోవాడూ రాలేదట. ఆసుపత్రికి పోతూ మునిరత్నం ఆమెకు ఒక్కటే చెప్పాడు.

"ఎవురి కంటా పడనీకుండా ఆయమ్మను ఊరు చేర్చు, ఆయమ్మ చేరితే నేనూ ఇల్లు చేర్తా అన్న్యాడన్నా" అంది మునెమ్మ.

ఇలాంటి జ్వరాలు వచ్చినప్పుడు మన పెద్దలు ముఖం కప్పుకునేవాళ్ళనీ, గడప బయటే నిలబడి మాట్లాడేవాళ్ళనీ నేను చదివింది చెప్పాను. ఆమె మర్యాదకు తలాడించింది. ఆమె చూపు మాత్రం కిటికీ సీటు మీదనుంచి కదల్లేదు.

పాకాల మలుపు దాటాక చిత్రాన్నం పొట్లం విప్పాను. తినాలంటే మాస్కు దించాలి, దించితే కండక్టరు ఊరుకోడు. కిటికీ వైపు తిరిగి దొంగలా రెండు ముద్దలు తిన్నాను. ఈ దారిన వచ్చేవాళ్ళు తినేదేదో ఎక్కకముందే తినడం మంచిది.

పూతలపట్టు కూడలిలో బస్సు ఆపారు. రోడ్డు వారన టెంటు, అడ్డంగా డ్రమ్ములు. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన పైకి ఎక్కాడు. మాస్కులు చూడటం ఒక పని. పక్క రాష్ట్రం మద్యం పాకెట్లు వెతకడం రెండో పని. బియ్యం సంచుల్లో, పూలగంపల్లో పెట్టి తెస్తున్నారట. నేరుగా మునెమ్మ దగ్గరికి వచ్చి గుడ్డ విప్పమన్నాడు.

ఆమె లోపల ఉన్నదేమిటో చెప్పింది. మొగుడి సంగతి చెప్పింది. ఆయన కటువైన మనిషి కాదు. కానీ నిన్ననే ఇలాగే దేవుడి పేరు చెప్పిన గంపలో పాకెట్లు దొరికాయట. ముఖం చూడకుండా ఎవరినీ పంపేది లేదన్నాడు.

వెనక సీట్లోంచి తువ్వాలుతో తలా ముక్కూ చుట్టుకున్న ముసలాయన అందుకున్నాడు. "మా మూతులు మూసుకోమనేది మీరే, ఆయమ్మ మూతి తెరవమనేదీ మీరేనా అబ్బా?"

ఎవరూ నవ్వలేదు. బస్సు ఇంజను ఆపేశారు. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. మునెమ్మ కాసేపు గంప మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"విప్పుతా సామీ. నువ్వు సూడొద్దు. చేత్తో తడుముకో. పాకెట్లుంటే చేతికి తగల్తాయి గదా. బస్సులో ఎవురూ సూడొద్దండి, మీకు దండం పెడతా."

ఖాకీ ఆయన ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. ముసలాయన ముందు మొదలుపెట్టాడు. ముక్కు మీది తువ్వాలును కళ్ళ మీదికి లాక్కున్నాడు. పక్కనున్నామె తన మాస్కును పైకి జరిపింది. ఆ వెనకాల వాళ్ళు, ఇటు పక్కవాళ్ళు, ఒక్కొక్కరుగా అందరూ. డ్రైవరు చెయ్యెత్తి అద్దాన్ని పక్కకు తిప్పేశాడు. కండక్టరు కూడా తిట్టుకుంటూనే లాక్కున్నాడు.

అప్పటిదాకా వాళ్ళ కళ్ళే చూశాను. ఇప్పుడు కళ్ళు పోయి నోళ్ళు బయటపడ్డాయి. పళ్ళూడిన నోరు, ఆకువక్క నోరు, వణుకుతూ ఏదో గొణిగే నోరు. గంట నుంచీ కలిసి ప్రయాణిస్తున్నవాళ్ళు ఒక్కరూ నాకు తెలిసిన మనుషుల్లా అనిపించలేదు. చూడలేక నేనూ మాస్కు కళ్ళ మీదికి లాక్కున్నాను.

ముడి విప్పిన చప్పుడు. తడిమట్టి వాసన, పసుపు వాసన. పెళుసు వేపాకు ఎక్కడో చిట్లింది. బూటు ఒకసారి కిర్రుమంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పక్కన పోయే లారీల మోత కూడా దూరంగా జరిగినట్టు తోచింది.

అప్పుడు ఆయన గొంతు వినిపించింది. పోలీసు గొంతు కాదు. ఇంట్లో పెద్దావిడను అడిగినట్టు, చాలా మెల్లగా.

"ఏమ్మా, మాస్కేదీ?"

అడుగులు వెనక్కి వెళ్ళాయి, మెట్లు దిగాయి. ఈల వినిపించాకగానీ ఎవరూ గుడ్డలు దించలేదు. మునెమ్మ గుడ్డ ముడి వేస్తోంది. తనూ కళ్ళు మూసుకునే ఉన్నానని చెప్పింది. కిటికీలోంచి చూస్తే ఆయన బస్సుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. సరే పొమ్మని చెయ్యి మాత్రం ఊపాడు.

"మాస్కేదని ఎవుర్ని అడిగినాడబ్బా?" అన్నాడు కండక్టరు.

"మనల్నే. అందరి మూతులూ బయటే ఉన్న్యాయి గదా" అన్నాడు ముసలాయన. బస్సంతా నవ్వింది, అవసరమైన దానికంటే గట్టిగా.

మునెమ్మ నా వైపు తిరిగింది. "ఆయన సూసినాడా అన్నా?"

తెలియదన్నాను. కాణిపాకంలో బస్సు సగం ఖాళీ అయ్యింది, ఐరాలలో మేమూ దిగాం. అన్నిచోట్లా ఆమె అడిగింది అదే మాట.

ఐరాలలో చెంగల్రాయుడు ఆటోతో కాచుకుని ఉన్నాడు. పల్లె చేరాక గంపను చలవ పందిట్లో దించారు. పొద్దు వాలే వేళకు పూజారి గుడ్డ కింద చెయ్యి పెట్టి కాటుకతో కళ్ళు దిద్దాడు. అద్దం ఎదురుగా పెట్టి గుడ్డ లాగేశారు. పది మందిమి దూరదూరంగా, ముఖాలు మూసుకుని నిలబడి ఉన్నాం. గంగమ్మ ఒక్కతే ముఖం తెరుచుకుని ఉంది. పెదాలు కొంచెం విడి, ఏదో చెప్పబోయి ఆగినట్టు. ముక్కు మీద, నత్తుకు కాస్త పైన, చిన్న నొక్కు. వేలిముద్ర గీతలు కూడా తెలుస్తున్నాయి.

ఆ నొక్కును మునెమ్మ కూడా చూసింది. పూజారి సవరిస్తానంటే వద్దంది. కళ్ళు తెరిచాక ముఖం దిద్దకూడదట. ఆ రాత్రి చెంగల్రాయుడి ఇంట్లో రాగిసంగటి, పచ్చడి పెట్టారు. ఆమె ముట్టలేదు. మరిదికి ఫోన్ చేస్తే అన్న ఎట్లున్నాడో అట్లే ఉన్నాడన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఐరాలలో మొదటి బస్సు పట్టుకున్నాం. నేను తిరుపతికి. మునెమ్మ పూతలపట్టులో దిగి చిత్తూరు బస్సు మారాలి. ఖాళీ గంప ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. నా నంబరు అడిగి తీసుకుంది. పక్కన ఎర్రగీతల సీటు ఉంది. ఈసారి ఆమె దానివైపు చూడలేదు.

కూడలిలో అదే టెంటు, అదే మనిషి. బస్సు తనిఖీకి ఆగింది. ఆమెతో పాటు నేనూ దిగాను. ఆయన గుర్తుపట్టాడు. మునెమ్మ గంప కింద పెట్టి చేతులు కట్టుకుని అడిగింది, నిజం చెప్పు సామీ, చూసినావా అని.

"గంపలోకి సూడలేదమ్మా. నా బిడ్డల తోడు. చెయ్యి పెట్టినా, ముక్కు తగిలింది, వెంటనే తీసేసినా. నీకు మాటిచ్చినా గదా, అందుకే తల పక్కకు తిప్పుకున్న్యా." బస్సు కిటికీల వైపు చూశాడు. "ఆయమ్మ దిగిపోయిందా?"

"ఎవురు?"

"నీ పక్కన, కిటికీ కాడ కూసోనున్న్య ఆయమ్మ. ఆ సీట్లో కూసోకూడదు గదా. మాస్కు గూడా లేదు. అడిగితే నన్నే సూస్తా ఉన్న్యాది, పలకలా. ఏమో, గట్టిగా అడగబుద్ధి కాలేదు." తన ముక్కు మీద వేలు పెట్టి చూపించాడు. "ఈడ చిన్న నొక్కు ఉండాది ఆయమ్మకి. బాగా గుర్తు."

నేను మునెమ్మ వైపు చూశాను. ఆమె మొహం మాస్కులో ఉంది. కళ్ళు మాత్రం నిండాయి. భయంతో కాదనిపించింది.

"దిగింది సామీ" అంది. "ఊళ్ళో దిగింది."

ఆయన హమ్మయ్య అన్నట్టు తలూపి డ్రమ్ములు జరపడానికి వెళ్ళాడు. చిత్తూరు బస్సు వస్తే మునెమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కేసింది.

తిరుపతి దారిలో నేనొక్కడినే. సంచి పక్క సీటు మీద, ఎర్రగీతల మీద పెట్టుకున్నాను. నేను చదివిన పుస్తకాలన్నీ వరసగా గుర్తు చేసుకున్నాను. కప్పిన ముఖాన్ని ఎందుకు చూడకూడదో అందరూ రాశారు. తెచ్చేవాళ్ళ పక్కన చోటు ఎందుకు వదలాలో ఎవరూ రాయలేదు. మునెమ్మను నేనూ అడగలేదు.

చంద్రగిరి దగ్గర ఫోన్ మోగింది. మునెమ్మ. వెనకాల ఆసుపత్రి గేటు దగ్గరి రొద.

"అన్నా, ముక్కుకుండే గొట్టం తీసేసినారంట. గంజి అడిగినాడంట."

అంతే చెప్పి పెట్టేసింది.

మీరూ ఆడి నెలలో ఆ దారిన పోతే పొద్దున బస్సే పట్టుకోండి. కాణిపాకం దాకా నిలబడాల్సిన పని ఉండదు, టికెట్టుకు పెద్దగా కాదు. ముక్కూ నోరూ కప్పుకోమంటే కప్పుకోండి, కళ్ళు కప్పుకోమన్నా కప్పుకోండి. ఎవరైనా పక్క సీటు ఖాళీగా ఉంచమంటే ఎందుకని అడక్కండి.

తిరుపతి వచ్చేదాకా ఇంకో అరగంట ఉంది. కండక్టరు టికెట్లు లెక్క చూసుకుంటూ నా వరస దగ్గర ఆగి, నా పక్కకోసారి చూసి ముందుకు వెళ్ళిపోయాడు. నేను సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.