బాపు ఊరికి పోలేదు

రెండోసారి కరోనా విరుచుకుపడ్డ ఎండాకాలంలో, సూరత్‌లోని డిండోలిలో మా కింది గదిలో ఉండే, సాంచాల మీద అంటే మరమగ్గాల మీద పనిచేసే కార్మికుడు ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదు. మా ఆయనతో కలిసి ఒకే కార్ఖానాలో బట్ట నేసేవాడు. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. భార్యకు దూరం నుంచి చూపించి అటునుంచి అటే తీసుకుపోయారు. ఆమె ఇల్లు చేరేసరికి తొమ్మిదేళ్ల కూతురు ఎదురొచ్చి బాపు ఏడని అడిగింది. ఊరికి పోయిండని చెప్పింది తల్లి. ఇరుగుపొరుగు అందరం అదే మాట మీద ఉండిపోయాం.

తల్లి నుదుట బొట్టు లేకపోవడం ఆ పిల్ల చూసింది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ గలగలా మాట్లాడే పిల్ల, మెల్లగా మూడింటిలోనూ మూగదైపోయింది. పక్క తడపడం మొదలైంది. తల్లి కొట్టేది, కొట్టి తనే ఏడ్చేది.

బడులు మూతపడ్డాయని నేను మా తెలంగాణ వైపు పిల్లలకు మేడ మీద తెలుగు అక్షరాలు నేర్పేదాన్ని. ఆ పిల్ల వచ్చి గోడవారన కూర్చునేది. నా చిన్నప్పుడు మా అమ్మ పోతే నాకూ ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో ఉందన్నారు. అమ్మ వస్తుందని ఎన్నాళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు.

మాకు తెలిసిన తెలుగు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నిజం దాచితే పిల్లలు తప్పంతా తమ మీదే వేసుకుంటారని, మెల్లగా చెప్పమని అంది. ఆ మాట తల్లితో అంటే ఆమె మొహం తిప్పుకుంది.

"బాపుకోసం ఎదురుచూసుకుంటనన్న బతుకుతది. జర ఉండనియ్యక్కా."

నేను పైకి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పిల్ల కనబడలేదు. తల్లీ నేనూ వెతుక్కుంటూ పోతే ఉధ్నా స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని ఉంది. చేతి సంచిలో తండ్రి చొక్కా. ఊరికి పోయే రైలు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేదంది. తల్లి అక్కడే, ఆ మెట్ల మీదే కూలబడింది.

"బాపు ఊరికి పోలేదు బిడ్డా. సచ్చిపోయిండు."

పిల్ల సంచి వైపే చూస్తూ అడిగింది: "నాకు జరమొచ్చినప్పుడు బాపు నన్ను ఎత్తుకున్నడు కదా. నాతోనే అంటిందా?"

ఇన్నాళ్లూ ఆ పిల్ల మోసింది ఇదా అనిపించింది. కాదని చెబుతూ తల్లి ఆమెను ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది పిల్ల. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది.

ఆ ఆదివారం, పిల్లల సంగతి మాట్లాడుకుందామని నేను పిలిచిన ఆడవాళ్లంతా మాస్కులు కట్టుకుని మేడ మీద ఎడంఎడంగా కూర్చుంటే, తల్లే లేచి జరిగిందంతా చెప్పింది. వింటూ వింటూ ఒకామె, తన కొడుకు అంబులెన్సు చప్పుడు వింటే మంచం కింద దూరుతున్నాడంది. మొండితనమనుకుని కొట్టానంది. పై వారం ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు కూడా వచ్చారు. డాక్టరమ్మ వచ్చి, పక్క తడపడం పొగరు కాదని, భయమని హిందీలో చెప్పింది. సాంచాల మోతకు చెవులు మందగించిన ఒక ముసలి కార్మికుడు, చిన్నప్పుడు తండ్రి కొట్టిన దెబ్బల గురించి గట్టిగా, గల్లీ అంతా వినబడేలా చెప్పి, తన పిల్లల్నీ అట్లాగే కొట్టానని తల దించుకున్నాడు. తర్వాత కార్ఖానా దగ్గరి చాయ్ బండి కాడ మగవాళ్లతో ఆయనే మాట్లాడేవాడు. అలా ఈ కూర్చుని మాట్లాడుకోవడం ఒక మేడ నుంచి ఇంకో మేడకు, పక్క గల్లీలకు పాకింది. దానికి మేం ఏ పేరూ పెట్టలేదు.

తల్లీకూతుళ్లు మాత్రం సంపాదించే మనిషి లేక సూరత్‌లో నిలవలేకపోయారు. చలికాలానికి ముందే ఊరికి వెళ్లిపోయారు. పిల్ల ఎట్లుందని ఫోన్‌లో అడిగితే, బడికి పోతుందని, అందరితో మాట్లాడుతుందని తల్లి చెప్పింది. కానీ ఒళ్లు కాస్త వేడెక్కితే చాలు, తలుపేసుకుని ఎవరినీ దగ్గరికి రానీయదని చెప్పింది.

డాక్టరమ్మను అడిగితే, కొన్ని భయాలు పోవడానికి ఏళ్లు పడతాయంది. మేం ఇప్పటికీ ఆదివారాలు కూర్చుంటున్నాం. కొన్ని ఇళ్లవాళ్లు మమ్మల్ని చూడగానే తలుపు మూసేస్తారు. అయినా గల్లీలో పిల్లల ఏడుపు వినబడితే, ఇప్పుడు ఎవరో ఒకరం లేచి వెళ్తున్నాం.