పొట్ట మీద బెల్టు

మా ఆయనకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మీటరును మాటిమాటికీ చూసుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు. అంకె పడిపోయిందంటే వెంటనే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పేయడమే, ఆలోచించడం ఉండదు. నా మొదటి కాన్పుకూ ఆయన అదే కంగారుతో వచ్చారు.

నొప్పులు మొదలయ్యాక, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్ బెల్టు నా పొట్టకు కట్టారు. కాసేపటికి నర్సు దాన్ని విప్పబోతూ, "అంతా బాగుందండి. ఇక మధ్యమధ్యలో వింటే సరిపోద్ది. మీరు లేచి నడవండి," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన ఊరుకుంటేగా!

"ఉండనివ్వండి సిస్టర్. ఉన్న మిషన్ ఆపడం ఎందుకండీ?" అన్నారు. మా అత్తగారు వంత పాడారు. ఎందుకొచ్చిన గొడవ అనుకుందేమో, నర్సు వదిలేసింది.

ఇక ఆ బెల్టు వైరుతో మిషన్‌కు కట్టేసినట్టు నేను మంచం మీద ఇరుక్కుపోయాను. నడుం పీకేస్తోందని పక్కకు తిరిగితే చప్పుడు మాయమయ్యేది. "కదలకమ్మా, కదలకు," అనేవారు అత్తగారు. అందరి కళ్ళూ మిషన్ తెర మీదే, నా ముఖం చూసినవాళ్ళు లేరు. ఒళ్ళు మండిపోయింది. కానీ బెల్టు పీకేసే ధైర్యం నాకూ లేదు. ఆ చప్పుడు ఆగితే లోపల గుండె కూడా ఆగిపోతుందేమోనని భయం.

సాయంత్రం తెర మీద బిడ్డ గుండె అంకె పడింది, లేచింది, మళ్ళీ పడింది. డాక్టరుగారు వచ్చి మిషన్ గీసిన కాగితం చూశారు. "బిడ్డకు నిజంగా ఇబ్బందుందో లేదో ఈ గీతలను బట్టే చెప్పలేమండి. ఇంకాసేపు చూడొచ్చు," అన్నారు.

"చూడటం ఏంటండీ, ఆపరేషన్ చేసేయండి!" అన్నారు మా ఆయన. డాక్టరుగారు నా వైపు తిరిగారు. నేనూ తలూపాను.

బాబు గుక్కపెట్టి ఏడుస్తూ బయటికొచ్చాడు. ఏ లోటూ లేదు. ఆగి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నాకు మళ్ళీ ఏడో నెల. ఈసారైనా నడుస్తూ నొప్పులు పడాలని, కోత లేకుండా కనాలని ఆశ. మొన్న అదే డాక్టరుగారిని అడిగాను.

"ప్రయత్నిద్దామండి. కానీ నొప్పుల్లో గర్భసంచి మీది పాత కుట్టు విడిపోతే, చాలాసార్లు ముందు తెలిసేది బిడ్డ గుండె చప్పుడులోనే. అందుకని ఈసారి మొదటి నుంచీ బెల్టు ఉండాల్సిందే," అన్నారు.

పక్కన మా ఆయన హమ్మయ్య అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు అక్కర్లేని బెల్టే ఈ కోత తెచ్చిందేమో, ఇప్పుడు ఆ కోత వల్ల బెల్టు తప్పదు. కళ్ళు తుడుచుకుని, "దాని వైరు ఎంత పొడుగుంటుందండీ?" అని అడిగాను.