గ్లాసుకు కట్టిన చిటికి

పోయిన వారం పాదాలు వాచి చెప్పుల పట్టీల అచ్చులు పడుతుంటే బీపీ గోలీల చీటీ పట్టుకొని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా కోడలికన్నా చిన్నది. నేను వేసుకుంటున్న అమ్లోడిపిన్ గోలీతో కొందరికి ఇట్లాగే కాళ్ళు వాస్తాయని, భయపడే పని లేదని, వేరేది రాస్తానని చెప్పింది. ఆమె కలం కాగితం మీద పెట్టకముందే అడిగాను, "గీ కొత్త గోలితోటి దగ్గు గిట్ల వస్తదా అమ్మా?" అని. ఈ సంగతి మీకెవరు చెప్పారని ఆమె నవ్వింది. మా మామ చెప్పాడని అనబోయి ఊరుకున్నాను.

మామ అంటే మా ఆయన తండ్రి. పోచంపల్లి పక్కన మా ఊళ్ళో చిటికి కట్టడంలో ఆయన చేతికి మంచి పేరుండేది. నూలుకు ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు, అదే చిటికి. ఆయన వేసిన ముడి ఎంత నానినా జారేది కాదు. చూపు మందగించి ఆ పని మానేశాక కూడా ఊరికే ఉండలేక, మునిమనవరాలిని, అంటే నా మనవరాలిని, ఒళ్ళో పెట్టుకొని రాట్నం ముందు కండెలు చుట్టేవాడు. అప్పుడు దానికి రెండేళ్ళు. దాని చెయ్యి పట్టి ఆయన రాట్నం తిప్పిస్తుంటే దారం చిక్కుపడేది, నేను కసురుకునేదాన్ని, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకునేవారు.

మా ఊరు నల్లగొండ జిల్లాలోంచి కొత్త జిల్లాలోకి మారిన రోజుల్లో మామకు బీపీ ఉందని తేలి, రామిప్రిల్ అనే గోలీ రాశారు. ఆ పేరు నాకు తర్వాత తెలిసింది గాని అప్పుడు మాకది బీపీ గోలి, అంతే. కొన్ని వారాలకు దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో పోగు అడ్డం పడ్డట్టు ఒకటే పొడి దగ్గు. నూలు దుమ్మనుకొని మిరియాల కషాయం కాచాను, వాము నమిలించాను, మందుల దుకాణం నుంచి సీసా మందు తెచ్చి పోశాను. తియ్యగా ఉందని ఆయన ఇష్టంగా తాగాడే గాని దగ్గు మాత్రం తగ్గలేదు. రెండు నెలలు గడిచేసరికి ఇంట్లో అందరం టీబీ అనే అనుకున్నాం, ఒక్కరం కూడా ఆ పేరు పైకి అనలేదు. ఆ మాట గడప దాటితే మన చీరలు ఎవరు కొంటారని మా ఆయన భయం, పసిపిల్లకు అంటుతుందని నా భయం.

పళ్ళెం, గ్లాసు వేరు చేసింది నేనే, దాన్ని ఎవరి మీదికీ నెట్టను. స్టీలు గ్లాసులన్నీ ఒక్క తీరుగానే ఉండటంతో ఒకనాడు ఆయన గ్లాసుతో పిల్లకు నీళ్ళు పట్టబోయి, గుర్తొచ్చి పారబోసి, దాన్ని మళ్ళీ మళ్ళీ తోముతుంటే ఆయన చూశాడు. పొద్దుగూకేసరికి ఆ గ్లాసు అంచు కింద నల్ల రబ్బరు పట్టీ బిగించి ఉంది. చూపు ఆనని మనిషి తడుముకుంటూ వేసిన చిటికి ముడి. "ఇగ నీకు ఫికర్ లేదు బిడ్డా" అన్నాడు. నాకు నిజంగానే ఊరట కలిగింది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన మంచం అరుగు మీదికి మారింది. పిల్ల అటు పోబోతే నేను కేకేసేదాన్ని. కొన్నాళ్ళకు ఆ అవసరం కూడా లేకపోయింది, తాత దగ్గితే అదే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని లోపలికి పరుగెత్తుకొచ్చేది.

నెలనెలా దవాఖానకు పోయి గోలీలు తెచ్చింది కూడా నేనే. ఆయన్ను తీసుకుపోతే అక్కడ దగ్గుతాడు, నలుగురూ వింటారు. ముసలాయన నడవలేడని చెప్పేదాన్ని. ఎట్లున్నడని సిస్టర్ అడిగితే, "మంచిగనే ఉన్నడు" అనేదాన్ని. ఇట్లా ఏడెనిమిది నెలలు నడిచింది. ఆమె అడిగిన మొదటిసారే దగ్గుతున్నాడని చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది.

ఒక నెల నేను జ్వరంతో లేవలేకపోతే ఆయనే కర్ర పట్టుకొని పోయాడు. డాక్టరు ముందు కూర్చొని దగ్గాడు. డాక్టరు తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేయించి, ఏమీ లేదని, ఈ గోలీ కొందరికి పడక పొడి దగ్గు తెస్తుందని చెప్పి వేరేది ఇచ్చాడు. మామ ఇంటికొచ్చి చెబితే మేము నమ్మలేదు. మూడు వారాలు తిరిగేసరికి దగ్గు లేదు.

ఆనాడు ఆయన పళ్ళెం మా పళ్ళేల మధ్య పెట్టి, లోపలికొచ్చి తినమని పిలిచాను. "గీడనే మంచిగుంది బిడ్డా, అలవాటైంది" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. పిల్లను ఎత్తుకుపోయి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను. అది ఆయన మొహం చూడగానే అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయనే పిల్లను మెల్లగా ఒళ్ళోంచి కిందికి దించాడు. తర్వాత రెండేళ్ళు బతికాడు, ఆ అరుగు మీదే తిన్నాడు, ఆ గ్లాసుతోనే తాగాడు.

మొన్న నా కొత్త గోలీల అట్ట చూసి మనవరాలు ఆ పేరు ఫోనులో కొట్టింది. అది దేనికి వాడతారో, ఏమేం బాధలు రావచ్చో గుక్క తిప్పుకోకుండా చదివి వినిపించింది. అప్పుడు మాకు ఇట్లాంటివి తెలుసుకునే దారి లేదని మనం సరిపెట్టుకుంటాం గాని, అడిగిన సిస్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఫోను అక్కర్లేదు కదా. ఈ గ్లాసుకు రబ్బరు ఎందుకని అది అప్పుడప్పుడు అడుగుతుంది. తాత కట్టాడని చెప్తాను. ఆయన ఒడి దానికి గుర్తు లేదు.

రంగు పని అయిపోయాక చిటికి కట్లన్నీ విప్పేస్తారు. ఈ ఒక్కటి విప్పుదామని నేను చాలాసార్లు కూర్చున్నాను. రబ్బరు ఎండి బిరుసెక్కింది, కత్తి పెట్టడానికి చెయ్యి రాదు, ఆయన ముడి ఎక్కడ మొదలైందో నా వేళ్ళకు దొరకదు.